ధ్రువపు గాలిలో మా ఇంటి పోపు

ఈ రోజు పక్కింటి వంటగదిలోంచి ఎండుమిరపకాయల పోపు ఘాటు గోడ దాటి వచ్చింది. అందరిలా తుమ్మి ఊరుకోకుండా నేను లేచి వరండాలోకి వెళ్లి, తీగ మీద ఆరేసిన తువ్వాలు ఎటు ఊగుతున్నదో చూశాను. గాలి గండిపేట వైపు నుంచి వీస్తున్నది. ఉద్యోగం విరమించి ఇన్నేళ్లయినా, ఈ మొయినాబాదు ఇంట్లో గాలిని కొలిచే యంత్రమేదీ లేకపోయినా, ఘాటు తగలగానే దిక్కు చూసే అలవాటు మాత్రం పోలేదు. మా ఆవిడ ఉన్నప్పుడు ఇందుకు నన్ను ఎంత ఆటపట్టించేదో!

మన ఈడువాళ్లలో చాలామంది ఉద్యోగానికని ఏ బొంబాయికో, దుబాయికో వెళ్లి ఉంటారు. చేవెళ్లలో కిరాణా దుకాణం నడిపిన బాపుకు కొడుకునై పుట్టి, మిరపకాయల బస్తాల మధ్య తుమ్ముతూ పెరిగిన నేను మాత్రం భూమికి ఉత్తరపు కొసన, మంచు తప్ప మరేమీ లేని చోటికి, గాలిని కొలిచే పనికి వెళ్లాను. పట్నాల పొగ సోకని గాలి అక్కడే దొరుకుతుందని మా పరిశోధన కేంద్రాన్ని అక్కడ కట్టారు. చలికాలమంతా సూర్యుడు మొహం చూపించడు. ఆ చీకటి నెలల్లో మిగిలింది ఇద్దరమే, నేనూ, కేంద్రానికి అధికారి అయిన ఒక విదేశీ పెద్దాయనా. ఆయన పలికితే ముత్యాలు రాలతాయేమో అన్నట్టుండేవాడు. నాకేమో నాలుగు మాటలు లేకపోతే ముద్ద దిగదు.

నిద్ర లేవగానే, కట్టి ఉంచిన తాడు పట్టుకొని చీకట్లోనే యంత్రాల గదికి నడిచేవాణ్ణి. ఆకాశం నుంచి దిగే వేడిని కొలిచే పరికరం గాజు మూత మీది మంచును మెత్తటి గుడ్డతో తుడవడం, గాలి పీల్చే గొట్టంలో వడపోత కాగితం మార్చడం, పంపు చప్పుడులో తేడా వస్తే విప్పి చూడడం, ఇదీ పని. అన్నిటికన్నా గుర్తుండిపోయింది గాజు సీసాల్లో గాలి పట్టడం. గాలికి ఎదురుగా నడిచివెళ్లి, ఊపిరి బిగబట్టి సీసా నింపి, మూసి, దూరంగా వచ్చాకనే ఊపిరి వదలాలి. మనిషి ఊపిరి కలిస్తే ఆ గాలి పనికిరాదు. మొదట్లో నాకు ఇది నవ్వులాటగా ఉండేది. పోను పోను, నా ఊపిరి కూడా ఎవరికీ అక్కరలేని చోట ఉన్నానే అని ఏడుపొచ్చేది.

వంటకూ అదే కట్టుబాటు. నూనె పొగ ఏమాత్రం వెళ్లినా ధూళిని లెక్కపెట్టే యంత్రం పసిగడుతుందని అక్కడ పోపు మాటే లేదు. ఉడికించిన ఆలుగడ్డలు, రొట్టె, డబ్బా సూపు. బయలుదేరేటప్పుడు మా ఆవిడ బాపు దుకాణంలోని మిరపకాయలు, ఆవాలు, ఇంగువ పొట్లం కట్టి ఇచ్చింది. దాన్ని దిండు కింద పెట్టుకొని వాసన చూస్తూ పడుకునేవాణ్ణి. వారానికొకసారి ఫోను కలిసేది. సురంగల్‌లో కూరగాయల తోటల నడుమ పెరిగిన మనిషి, మంచీ చెడూ అడగకముందే "ఏం తిన్నరు ఇయ్యాల?" అనేది. ఆలుగడ్డలంటే ఊరుకునేది కాదు. "గవి తిని ఎట్ల బతుకుతరు? జర పోపు పెట్టుకొని తినరాదుండ్రి!"

నడి చలికాలానికి నాకు తిండి సయించడం మానేసింది. వచ్చే విమానంలో వెళ్లిపోదామని సంచి సర్దుకున్నాను. నేను పోతే పెద్దాయన ఒక్కడే అన్నీ చూసుకోలేడు, ఆ ఏటి కొలతలు సగంలో ఆగిపోతాయి, నాకు మళ్లీ ఇలాంటి పని ఎవరూ ఇవ్వరు. అన్నీ తెలిసే సర్దుకున్నాను. ఆయన సంచిని చూశాడు, వద్దనలేదు. దిండు కింది పొట్లం ఏమిటని మాత్రం అడిగాడు. చెప్పాను. బయటికి వెళ్లి గాలి దిక్కు తెలిపే జెండా చూసి వచ్చి, గాలి యంత్రాలకు అవతలి వైపే పోతున్నది, ఇవాళ నీ వంట నువ్వు చేసుకో అన్నాడు.

పప్పు ఉడికించి, నూనె కాచి, ఆవాలు చిటపటలాడాక మిరపకాయలు తుంచి వేశాను. ఆయన దగ్గలేక దగ్గుతూ తలుపు తెరిచాడు. సరిగ్గా అప్పుడే గాలి తిరిగింది. కాసేపటికి, నెలల తరబడి నేలబారుగా పాకుతున్న గీత ధూళి యంత్రపు తెర మీద నిలువునా లేచింది. పెద్దాయన తెరనూ నన్నూ మార్చి మార్చి చూసి, పొట్ట పట్టుకొని నవ్వాడు. ఆ గంట కొలతలు చెల్లవని తానే గుర్తుపెట్టి, కారణం దగ్గర 'భోజనం' అని వేశాడు. ఊపిరి కూడా తగలనివ్వని మనిషి, నేను ఒక ముద్ద తింటానని గంట సేపటి గాలిని వదులుకున్నాడు. ఇద్దరం గిన్నె ఊడ్చి తిన్నాం. తర్వాత నేను సంచి విప్పి బట్టలు మళ్లీ అలమారలో పెట్టుకున్నాను.

"గంత పెద్ద మిషన్‌కు నా పోపు దొరికిందా!" అని మా ఆవిడ ఫోనులో ఒకటే నవ్వు. తిరిగి వచ్చాక ఆదివారం పోపు నా వంతు అయింది. కావాలనే కిటికీ మూసి, మిరపకాయలు ఎక్కువ వేసేవాణ్ణి. ముందుగదిలోంచి ఆవిడ దగ్గుతూ "కిటికీ తెర్వరాదుండ్రి!" అని కేకేయాలి, అది నేను వినాలి.

పోయిన వానాకాలంలో ఆవిడ వెళ్లిపోయింది. మా రోడ్డు మీద ఇప్పుడు చిల్కూరు ఆటోలు, గండిపేట కార్లు, కొత్త ఇళ్ల సిమెంటు దుమ్ము. ఇంత పొగలో ఎవరింట్లో పోపు పడ్డదో, ఎవరింట్లో పడలేదో ఎవరికి తెలుస్తుంది? ఇవాళ పక్కింటి ఘాటు తగిలాక నేనూ మూకుడు పెట్టాను. మిరపకాయలు ఎక్కువే వేశాను. పొగ ముందుగదిలోకి పాకింది. గరిటె పట్టుకొని చాలాసేపు నిలబడి, చివరికి కిటికీ నేనే తెరిచాను.