జెకర్యా మాష్టారు కోసిన పిండికట్టు

సర్వోన్నతుడైన దేవునికి మహిమ కలుగును గాక. ఎనభై ఏళ్ళుగా నా కాళ్ళకు బలమిచ్చి, ఇవాళ్టికీ తెల్లవారగానే నన్ను లేపి కూర్చోబెడుతున్న ఆ తండ్రికి స్తోత్రం. ఎముకకు ఎముకను అతికించేవాడు ఆయనే. ఆయనను స్తుతించకుండా ఈ సంగతి మొదలుపెడితే నా మాటల్లో చేదు తప్ప ఏమీ ఉండదని భయం. స్తుతించాక కూడా కొంత ఉంటుందేమో. ఉన్నా రాస్తాను.

మేముండే సిద్ధగోరా పేటలో మా పక్కింటివాళ్ళు ముందుగదికి కొత్తగా సీలింగు చేయిస్తున్నారు. నిన్న పొద్దున మేస్త్రీ తెల్లపొడిని తొట్టిలో నీళ్ళు పోసి కలుపుతుంటే ఆ తడివాసన కిటికీలోంచి లోపలికి వచ్చింది. కాఫీ తాగుతున్నదాన్ని గ్లాసు కింద పెట్టేశాను. నేను అనుకోకుండానే కుడిచెయ్యి ఒళ్ళోకి ముడుచుకుంది. అరవై ఏళ్ళు దాటింది. అయినా ఆ వాసనకి నాకంటే ముందు నా చెయ్యి భయపడుతుంది. ఆ వాసన వెనకే ఒక మనిషి వస్తాడు. మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు. జెకర్యా మాష్టారని, నాకు పరుగు నేర్పినవాడు.

అవి యాభైల చివరి ఏళ్ళు. రాష్ట్రం విడిపోక ముందు సంగతి, అప్పటికి మా ఊరు బీహారులో ఉంది. నాన్న శ్రీకాకుళం వైపునుంచి వచ్చి ఇక్కడి ఉక్కు కార్ఖానాలో కొలిమి దగ్గర పనికి కుదిరాడు. మాష్టారిదీ ఆ వైపే. మా బడిలో డ్రిల్లు చెప్పేవారు, మా తెలుగు సంఘానికి పెద్ద. పాస్టరుగారు నెలకొక్కసారి వచ్చేవారు. మిగతా ఆదివారాలు ఆ రేకుల షెడ్డులో వాక్యం చెప్పేదీ, పాట ఎత్తేదీ, ఆలస్యంగా వచ్చినవాళ్ళను చూపుతోనే కాల్చేదీ మాష్టారే. పొట్టి మనిషి, మెడలో ఈల. ఆదివారం తెల్లపంచె కట్టుకున్నా ఆ ఈల తీసేవారు కాదు, చొక్కా లోపలికి దోపుకునేవారు. ప్రార్థనలో ఆయన వంగినప్పుడు అది బొత్తానికి తగిలి టిక్కుమనేది. పిల్లలం నవ్వు ఆపుకోలేక చచ్చేవాళ్ళం.

నేను పరిగెత్తగలనని మొదట చూసింది ఆయనే. ఒకనాడు బడి గంట కొట్టేశాక, ఆలస్యమైపోయి గేటు నుంచి తరగతి దాకా ఒక్క పరుగున వచ్చాను. శిక్ష వేస్తారనుకున్నాను. "ఒలే సుగుణా, మళ్ళీ గేటుకాడికెల్లి రా. ఇప్పుడు నాను గడియారం సూత్తాను" అన్నారు. మూడుసార్లు పరిగెత్తించి సాయంత్రం మా ఇంటికి వచ్చారు. అమ్మ మంచినీళ్ళిచ్చి, గుమ్మానికి ఆనుకుని నిలబడి, "ఆడపిల్లకి పరుగేటండి మాష్టారూ? రేపు దీన్నెవుడు సేసుకుంటాడు?" అంది. "పరిగెత్తి పట్టుకోగలిగినోడే సేసుకుంటాడు. నువ్వు బెంగెట్టుకోకమ్మా" అన్నారాయన. కొలిమి దగ్గరనుంచి వచ్చి మాట్లాడే ఓపిక లేకుండా పడుకున్న నాన్న కూడా ఆ మాటకి నవ్వాడు.

ఆ తర్వాత రెండేళ్ళు తెల్లవారుజామున భుయ్యాడీహ్ బస్తీ పక్కన సువర్ణరేఖ నది ఇసుకలో నన్ను పరిగెత్తించారు. పరిగెడుతూ కంఠతా వాక్యాలు అప్పజెప్పాలి. మధ్యలో ఊపిరాడక మాట ముక్కలైతే ఈల మోగేది. "వాక్యం తెగిన కాడే ఊపిరి తీసుకో. నీ ఊపిరి తెగిన కాడల్లా వాక్యాన్ని తెంపకు." అలా నాకు ఊపిరి పట్టడమూ, వాక్యమూ ఒకేసారి వచ్చాయి. ఇప్పటికీ ఒకటి లేకుండా రెండోది రాదు. వంద గజాల పరుగుకి వంగి మొదలుపెట్టడం కూడా ఆ ఇసుకలోనే నేర్పారు. వేళ్ళు గీత వెనక పరిచి, ఒంటి బరువంతా భుజాలమీదికి తెచ్చుకోవాలి. "కాళ్ళు తరవాత. ముందు సేతులే నిన్ను మోత్తాయి" అనేవారు. ఆ మాట ఎంత నిజమో తర్వాత తెలిసింది.

నాకు పదిహేడేళ్ళప్పుడు రాష్ట్ర జట్టుకి అమ్మాయిల్ని ఎంపిక చేసే పోటీలు మా ఊళ్ళోనే పెట్టారు. అందులో మొదటి ఇద్దరిలో వస్తే పాట్నా వెళ్ళొచ్చు. మా సంఘంలోంచి ఏ ఆడపిల్లా అంత దూరం పోలేదు. నాకు ఇంకే కోరికా లేదు. మాష్టారికి నాకంటే ఎక్కువ. సరిగ్గా అయిదు వారాల ముందు, నది ఒడ్డున గట్టు దిగుతూ రాయి తగిలి పడ్డాను. కుడిచెయ్యి ఆన్చాను. లేచి చూసుకుంటే మణికట్టు గరిటెలా వంపు తిరిగి ఉంది. పెద్దాసుపత్రిలో డాక్టరు ఎముక సర్ది పిండికట్టు వేశాడు. బెంగాలీ ఆయన, హిందీలో చెప్పాడు: ఆరు వారాలు, ఒక్కరోజు తగ్గినా వీల్లేదు. మాష్టారు గోడమీది క్యాలెండరు వైపు తిరిగి పెదవులు కదిలించారు. ప్రార్థన చేస్తున్నారనుకున్నాను. వారాలు లెక్కపెడుతున్నారు.

మూడో వారం నాకోసం ఉపవాస ప్రార్థన పెట్టారు. మాష్టారు మూడు రోజులు పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. వైశాఖపు ఎండలో పగిలిన పెదవులతో బడిలో ఈల ఊదడం నేను చూశాను. అది నటన అని ఎవరైనా అంటే ఇవాళ్టికీ ఒప్పుకోను. మా సంఘంలో ఒక ఆచారం ఉండేది. ఎవరి రోగం కోసం ఉపవాసం చేస్తామో, వాళ్ళు మరుసటి ఆదివారం లేచి సాక్ష్యం చెప్పాలి. నోటితో ఒప్పుకున్నప్పుడే స్వస్థత నిలుస్తుందని, "నొప్పి" అన్న మాట పైకి అంటే అది ఒలికిపోతుందని అందరం నమ్మేవాళ్ళం. అమ్మకి తలనొప్పి వచ్చినా, "తల బాగుపడతంది" అనేది తప్ప నొప్పి అనేది కాదు.

ఆ ఆదివారం మాష్టారు నన్ను ముందుకి పిలిచారు. కట్టు లోపల మణికట్టు సుత్తితో కొట్టినట్టు సలుపుతోంది.

"సెయ్యెలాగుంది సుగుణా?"

"ప్రభువు బాగుచేశాడండి."

"నొప్పుందా?"

"లేదండి."

"బిగ్గరగా సెప్పమ్మా. ఎనకోళ్ళకి ఇనబళ్ళేదు."

"లేదండి!"

షెడ్డంతా స్తోత్రాలతో మారుమోగింది. ఆ అబద్ధం నాది. ఎవరూ నా నోట్లో పెట్టలేదు. కాని పదిహేడేళ్ళ పిల్లకి ఇంకో మాట అనడానికి చోటెక్కడుందో నాకిప్పటికీ కనిపించదు.

ఆరాధన అయ్యాక మాష్టారి ఇంట్లో వేడినీళ్ళ బకెట్లో నా చెయ్యి పెట్టించారు. కట్టు నానుతుంటే నిన్నటి ఆ వాసనే వచ్చింది. పైకప్పు రేకులు కోసే కత్తెర తెచ్చారు. నాన్న ఒక్కడే ఒక్కమాట అన్నాడు. "డాక్టరుగారు ఆరు వారాలన్నారు గదండి మాష్టారూ."

"ఆయన లెక్క ఆయనది. నువ్వెవుడి లెక్క నమ్ముతావో నువ్వే సెప్పు."

నాన్న పక్కకి జరిగాడు. పగలంతా మంటలో నిలబడే మనిషి, ఆ ప్రశ్న ముందు నిలబడలేకపోయాడు. కట్టు రెండు పెచ్చులుగా ఊడింది. లోపల చెయ్యి పాలిపోయి, సన్నగా, వేరేవాళ్ళదిలా ఉంది. మాష్టారు దాన్ని రెండు అరచేతుల్లోకి తీసుకుని ఏడ్చారు.

పోటీల రోజు వరసలో ఆరుగురం. "సెట్" అనగానే నడుం ఎత్తి బరువు చేతులమీదికి తెచ్చాను. లోపల తడికర్ర విరిగినట్టు అయింది. పిస్తోలు మోగేసరికి నా ముఖం పరుగుబాటలో పరిచిన నల్ల బూడిదలో ఉంది. ఎదురుగా అయిదు జతల కాళ్ళు వెళ్ళిపోతున్నాయి. గీత చివర గడియారం పట్టుకుని మాష్టారు అరుస్తున్నారు. "లెగు! లెగు సుగుణా! పరిగెట్టు!" లేచాను. చెయ్యి గాలికి వేలాడుతుంటే, ఎడమచేత్తో దాన్ని పట్టుకుని పరిగెత్తాను. ఆఖరిదాన్నయ్యాను. ఆయన దగ్గరికి వెళ్ళి నిలబడితే మొదట గడియారం చూశారు, తర్వాత నా చెయ్యి చూశారు. ఆ వరస నేను మర్చిపోలేదు.

ఎముక వంకరగా అతుక్కుంటూ ఉండగా మళ్ళీ జరిగిపోయింది. ఆపరేషను చేసి, కోసి, సర్ది, రెండు తీగలు గుచ్చారు. ఆపరేషనుకి ముందురోజు డాక్టరు మంచం పక్కన నిలబడి, "కిస్‌నే కాటా?" అన్నాడు, కట్టు ఎవరు కోశారని. "నీళ్ళలో నానిపోయిందండి" అన్నాను. ఆయన నమ్మలేదు. నేను మాష్టారిని కాపాడాను. రోజూ తలుపు వైపు చూస్తూ ఉండేదాన్ని, వస్తారని. పన్నెండు రోజులున్నాను. రాలేదు. రెండో ఆదివారం ఆరాధన నుంచి అమ్మ నేరుగా నా దగ్గరికి వచ్చి, కమలాపండు ఒలిచి, తొనలమీది పీచు కూడా ఒక్కొక్కటే తీస్తూ కూర్చుంది.

"ఏటమ్మా?"

"ఇయ్యాల మాష్టారు అవిశ్వాసం గురించి సెప్పేరు. పైకి ఒకటి, లోన ఒకటి ఉన్నోల్లకి దేవుడిచ్చింది నిలవదంట. నీ పేరెట్టలేదులే." ఆగి, "అందరూ నాకేసే సూసేరు" అంది.

అందులో సగం నిజమే. నేను లోపల ఒకటి పెట్టుకుని పైకి ఇంకొకటి చెప్పిన మాట నిజం. అలా చెప్పించింది ఎవరో ఆయన చెప్పలేదు.

ఈసారి కట్టు ఆరు వారాలూ ఉంచుకున్నాను. తీశాక చెయ్యి కొయ్యలా బిగుసుకుపోయింది. పొద్దుటే గోరువెచ్చటి నీళ్ళలో పెట్టి గుడ్డ పిండడం, తలుపు గొళ్ళెం తిప్పడం, అమ్మ పిసికిన చపాతీ పిండిని వేళ్ళతో నొక్కడం. మొదటి నెల ఆ పిండిమీద నా వేళ్ళ గుర్తు కూడా పడలేదు. "పరుగుకి సెయ్యేటి పని? కాళ్ళు బాగానే ఉన్నాయి గదా" అనేవాళ్ళు వీధిలో. చేతిని మెడకి కట్టుకుని పరిగెత్తి చూడండి, తెలుస్తుంది. ఒక చెయ్యి ఊగకపోతే ఒళ్ళు ఒక పక్కకి లాగుతుంది. ఇసుకలో నా అడుగులు గీతలా పోవలసింది, నది వైపు వంపు తిరిగిపోయేవి. ఈల వేసేవాళ్ళు లేరు. వాక్యాలు నాకు నేనే చెప్పుకునేదాన్ని. తెగిన చోటల్లా ఆయన గొంతు వినిపించేది, తిట్టుకుంటూ సరిచేసుకునేదాన్ని.

మరుసటి ఏడు మళ్ళీ ఎంపికలు వచ్చాయి. వంగి మొదలుపెట్టలేను గనక నిలబడే పరుగు ఎత్తుకున్నాను. మొదటి పది అడుగుల్లో పోయినది చివరిదాకా అందలేదు. మూడోదాన్నయ్యాను. పాట్నా ఇద్దరు వెళ్ళారు.

ఆ ఆదివారం మాష్టారు ముందు నిలబడి, "విరిగిన సెయ్యితో పరిగెత్తించిన దేవునికి స్తోత్రం. సుగుణ సాక్ష్యం సెప్తాది" అన్నారు. ఏడాదిలో నాతో నేరుగా మాట్లాడని మనిషి. నేను లేచాను. "దేవుడు నా చెయ్యి బాగుచేశాడు, డాక్టరు చేతులతో. మాష్టారు కత్తెరతో కోసిన రోజు నాకు నొప్పి ఉంది. నొప్పి లేదని నేను అబద్ధమాడాను. నన్ను క్షమించండి" అన్నాను. అమ్మ నా పైట పట్టి లాగింది. మాష్టారు కూడా ఒక్కమాట అంటారని, ఆ ఒక్క మాటకోసం నిలబడే ఉన్నాను. ఆయన గ్రంథంలో పుట తిప్పారు. "కూర్సో అమ్మా. వాక్యం సదువుకుందాం." ఆరాధన అయ్యాక నాకు ఎవరూ వందనాలు చెప్పలేదు. ఇంటికి వెళ్ళేదాకా నాన్న నాకు నాలుగడుగులు ముందు నడిచాడు.

ఎనిమిదేళ్ళ తర్వాత మాష్టారు బాత్‌రూంలో జారి తొడ ఎముక విరగ్గొట్టుకున్నారు. అప్పటికి నేను కూడా ఒక బడిలో డ్రిల్లు టీచర్ని. పెళ్ళయింది. అమ్మ పోరగా చూడ్డానికి వెళ్ళాను. నడుం నుంచి మోకాలి కింది దాకా కట్టు. మంచం పక్కన గోడకి క్యాలెండరు. రోజుకొక అంకె మీద సీసం పెన్సిలుతో గీత కొట్టి ఉంది. సంఘం వాళ్ళు ఉపవాసం పెట్టారా అని అడిగాను. "పెడతామన్నారు. నానే ఒద్దన్నాను. ముసిలోల్లు, ఎండలు" అన్నారు.

"కట్టు ఎప్పుడు తీస్తారండి?"

"డాక్టరు సెప్పినప్పుడే. ఇంకా పందొమ్మిది రోజులుంది. ఒక్కరోజు ముందు తీసినా కాలు పోద్దంట సుగుణా..."

అక్కడ ఆగిపోయారు. ఆయన చూపు నా మణికట్టు మీదికి వచ్చింది, అక్కడి మచ్చ మీద నిలిచింది. పెదవులు కదిలాయి. నేను ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి ఆయన తల గోడ వైపు తిప్పుకున్నారు. ఆయన భార్య టీ తెచ్చింది. తాగి వచ్చేశాను. రెండేళ్ళకి ఆయన పోయారు. సమాధి దగ్గర పాట పాడాను. ఆయన నేర్పినట్టే, ఊపిరి ఎక్కడా తెగకుండా.

ఆ గోడ వైపు తిరగడమే ఆయన ఒప్పుకోలు అని మా ఆయన అనేవాడు. అయి ఉండొచ్చు. నాకది చాల్లేదు. నా కుడి అరచెయ్యి పూర్తిగా పైకి తిరగదు, సగంలో ఆగిపోతుంది. ప్రభువు బల్ల దగ్గర రొట్టె అందుకునేటప్పుడు అందరూ చేతులు చాపితే నేను ఎడమచెయ్యి చాపుతాను. కుడిచెయ్యి పక్కకి ఒరిగి, తీసుకోవాలో వద్దో తెలియనిదానిలా ఉంటుంది. క్షమించానని నోటితో చాలాసార్లు చెప్పాను. అయితే నొప్పి లేదని కూడా ఒకసారి బిగ్గరగా చెప్పినదాన్ని కదా, అందుకే నా నోటిని నేనే నమ్మను. చదువుతున్న అమ్మలారా, అయ్యలారా, నా చేతికోసం అడగొద్దు, అది ఇక ఇంతే. జెకర్యా మాష్టారిని నేను లోపలినుంచి క్షమించగలిగేలా నాతో కలిసి ఒక్క నిమిషం ప్రార్థన చేయండి. ఈ పూటకి నేనింకా క్షమించలేదు.