జత లేని శనివారాలు

ఇంజనీరింగ్ అయిపోయిన ఏడాది మా బ్యాచంతా హైదరాబాదు, బెంగళూరు బస్సులెక్కేసింది. నేను మాత్రం క్రైస్తవ విద్యార్థుల సహవాసంలో వాలంటీరుగా విజయవాడలోనే ఉండిపోయాను. క్యాంపస్‌లో వచ్చిన ఉద్యోగం వద్దన్నానని తెలిసిన రోజు నుంచి నాన్న నాతో మాట్లాడటం మానేశారు. అలాగని ఆయన దేవుడంటే గిట్టని మనిషేమీ కాదు. గుడివాడలో మా చర్చి సంఘానికి పెద్ద. ప్రతి ఆదివారం లేచి నిలబడి, ఉద్యోగాలు వదులుకుని సువార్త పనిలో ఉన్న యౌవనుల కోసం కళ్ళనీళ్ళు పెట్టుకుని ప్రార్థిస్తారు. వాళ్ళలో తన కూతురు కూడా ఉండటమే ఆయనకు మింగుడుపడలేదు.

వారమంతా కాలేజీల చుట్టూ తిరగడమే నా పని. ఒకరోజు కంకిపాడు వైపు, ఒకరోజు గన్నవరం వైపు. భోజనాల వేళకు క్యాంటీన్ దగ్గర చేరి పిల్లల్ని పలకరించేదాన్ని. పరీక్షల భయాలు, హాస్టల్ గొడవలు, ఇంట్లో చెప్పుకోలేని ప్రేమలు, అన్నీ నా చెవిలో పడేవి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నోటికి విరామం ఉండేది కాదు. తీరా లేడీస్ హాస్టల్‌కి వచ్చి మంచం మీద చతికిలబడ్డాక చూసుకుంటే, అన్ని మాటల్లో నా గురించిన మాట ఒక్కటీ ఉండేది కాదు. నా రూమ్మేట్లిద్దరూ బట్టల షోరూములో పనిచేసేవాళ్ళు. రోజంతా నిలబడి వచ్చి, కాళ్ళు గోడకి ఆనించి ఫోనులో మునిగిపోయేవాళ్ళు. వాళ్ళను తప్పుపట్టలేను, కానీ ఆ గదిలో నాకు ఊపిరాడేది కాదు.

శనివారం సాయంత్రం గవర్నర్‌పేటలో మా కూడిక. ప్లాస్టిక్ సామాన్ల హోల్‌సేల్ కొట్టు మీద అద్దె గది. పాటలు, బైబిలు వాక్యం అయ్యాక పిల్లలు ఇద్దరిద్దరుగా విడిపోయి ఎదురెదురుగా కూర్చునేవాళ్ళు. ఒకరి కష్టం ఒకరికి చెప్పుకోవడం, ఒకరి కోసం ఒకరు ప్రార్థించడం. దాన్ని మేం జత ప్రార్థన అంటాం. వచ్చినవాళ్ళు సరిసంఖ్యలో ఉంటే అందరికీ జత కుదిరేది, నేను మిగిలిపోయేదాన్ని. బేసి వస్తే ఒకరు మిగలాలి కదా, ఆ ఒకరికి జతగా నేను కూర్చోవచ్చు.

కూర్చోవచ్చు గానీ, కూర్చునేదాన్ని కాదు. నాకు పని అప్పజెప్పిన సీనియర్ అన్నయ్య మొదటి రోజే చెప్పారు.

"స్టూడెంట్స్ ముందు మన కష్టాలు పెట్టకూడదు చెల్లీ. వాళ్ళసలే చిన్నపిల్లలు. మన బరువు వాళ్ళ మీద వేస్తే ఎలా?"

అందుకని ఎవరైనా మిగిలితే వేరే జతలో కలిపేసి, "మీరు ముగ్గురూ కలిసి చేసుకోండి" అనేదాన్ని. అయినా ప్రతి శనివారం గుమ్మం దగ్గర నిలబడి, మెట్ల మీద విప్పిన చెప్పుల జతలు చూసి బేసా, సరా అని లెక్క వేసుకునేదాన్ని. బేసి అయితే లోపల్లోపల ఆశ. సరి అయితే కోపం. దేవుడి మీద కోపం తెచ్చుకునే ధైర్యం లేక ఆ చెప్పుల మీద తెచ్చుకునేదాన్ని. గదంతా గుసగుసల ప్రార్థనలతో నిండిపోతే, నేనొక మూల పాటల పుస్తకాలు సర్దేదాన్ని. సర్దినవే మళ్ళీ సర్దేదాన్ని.

వానాకాలంలో ఒక శనివారం నాన్న పుట్టినరోజు వచ్చింది. పొద్దున్నే ఫోన్ చేశాను. ఎత్తారు. "నాన్నా" అన్నాను. ఫోను ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారిన చప్పుడు, ఆ వెంటనే అమ్మ గొంతు. "తిన్నావా?" అని అడిగింది. తిన్నానన్నాను. ఫోను పెట్టేశాను.

మధ్యాహ్నం నుంచి వాన దంచికొట్టింది. రోడ్లన్నీ మునిగాయి. గది తాళం తీసి, చాపలు పరిచి కూర్చున్నాను. చాలాసేపటికి మెట్ల మీద ఒక్క జత చెప్పుల చప్పుడు. కంకిపాడు దగ్గర రైతుల ఇంటి అమ్మాయి. వాళ్ళింట్లో ఎవరూ క్రైస్తవులు కారు. స్నేహితురాలి వెంట ఈ మధ్యనే రావడం మొదలుపెట్టింది. చున్నీ పిండుకుంటూ లోపలికి వచ్చింది.

"ఎవరూ రాలేదేంటండీ అక్కా?"

"ఈ వానలో ఎవరొస్తారమ్మా? నువ్వెలా వచ్చావు?"

"బస్సెక్కాక మొదలైందండీ. సీటు కూడా దొరికింది, ఇంకెందుకు దిగడమని వచ్చేశా."

నవ్వొచ్చింది. ఇద్దరమే ఒక పాట పాడుకున్నాం. తనకు మ్యాథ్స్ బ్యాక్‌లాగ్ ఉంది, ఇంట్లో తెలిస్తే చదువు మాన్పిస్తారని భయం. దాని కోసం ప్రార్థన చేసి, ఆమెన్ అని పుస్తకం మూయబోయాను. ఆ పిల్ల కదల్లేదు.

"ఇప్పుడు నేను మీకు చెయ్యాలి కదండీ? జతంటే అంతే కదా. మీకేం కావాలో చెప్పండక్కా."

ఏడాదిగా నేను ఎదురుచూసిన మాట అది. మా నాన్న నాతో మాట్లాడాలి అని చెబితే చాలు. చెప్పబోయాను. ఎదురుగా తడిసిన జడ, చేతులు జోడించి సిద్ధంగా ఉన్న చిన్నపిల్ల. ఒక్కసారి మొదలుపెడితే నా ఏడుపు ఆగదని తెలుసు. దాన్ని ఈ పిల్ల ఎక్కడ పెట్టుకుంటుంది?

"నాకేముంటుందమ్మా? దేవుడి దయవల్ల అంతా బాగానే ఉంది."

"ఇంట్లో వాళ్ళు కూడా బాగున్నారా అక్కా?"

"బాగున్నారు."

తన మొహం తేటపడింది. కళ్ళు గట్టిగా మూసుకుంది. పైకి ప్రార్థించడం అదే మొదటిసారి. దేవుణ్ణి మేం నువ్వు అంటామని ఇంకా తెలియక, ఇంటికి వచ్చిన పెద్దమనిషితో మాట్లాడినట్టు మాట్లాడింది.

"దేవుడుగారూ, నాకు సరిగ్గా రాదండీ. అక్కకి ఏ కష్టమూ లేదంటండీ. ఇంట్లో వాళ్ళు కూడా బాగున్నారంటండీ. అక్కని ఇంత బాగా చూసుకుంటున్నందుకు మీకు చాలా థాంక్సండీ."

నాకు ప్రార్థన చివర ఆమెన్ గదిలో అందరికీ వినపడేలా గట్టిగా అనడం అలవాటు. ఆ రోజూ అలాగే అన్నాను.