బీర్కూర్ మిద్దె మీద వీడియో కాల్

మా అక్క సుజాతకు పుట్టుకతోనే వినపడదు. ఆమె మాట్లాడేది చేతులతో. ఫోన్‌లో వీడియో కాల్ చేస్తే ముఖం కనిపిస్తుంది, చేతులు తెర దాటిపోతాయి. హాస్టల్లో ఆమెతో కలిసి చదివిన రాజేశ్వరికి కూడా వినపడదు, ఇప్పుడు షోలాపూర్‌లో ఉంటుంది. ఇద్దరూ సరిగ్గా మాట్లాడుకుని ఏళ్లయింది. అందుకే ఒక ట్యాబ్ కొని బీర్కూర్‌లోని అక్క ఇంటికి బయలుదేరాను.

హైదరాబాద్ జూబ్లీ బస్‌స్టేషన్‌లో ఉదయం ఆరింటికి ఎక్కితే బాన్సువాడలో దిగేసరికి పదకొండు దాటింది. టికెట్ మూడు వందల లోపే, కానీ మోకాళ్లు పట్టేశాయి. బీర్కూర్ బస్సు కోసం ముప్పావు గంట నిలబడి, ఇక ఓపిక లేక షేర్ ఆటో ఎక్కాను. ఒళ్లో ఉన్న పెట్టె చూసి డ్రైవర్ ఎవరికని అడిగాడు. చెప్పాను.

“వినరాదంటున్నవ్, మరి కాల్ ఎట్ల మాట్లాడ్తదన్నా?”

“చేతులతో,” అన్నాను. ఆ తర్వాత గతుకులు వచ్చిన ప్రతిచోటా అతను ఆటో నెమ్మదిగా పోనిచ్చాడు.

ఇంట్లో మూడుసార్లు కలిపినా బొమ్మ ఆగిపోయింది. “లోపట సిగ్నల్ రాదు బామ్మర్ది, ఇగ మిద్దె మీదికే పోవాలె,” అన్నాడు బావ. మండే ఎండ. రేపు చూద్దామని అక్కకు సైగ చేశాను. ఆమె ట్యాబ్ తీసుకుని మెట్లెక్కేసింది.

పిట్టగోడ దగ్గర నేను ట్యాబ్ పట్టుకుని నిలబడ్డాను. రాజేశ్వరి కనిపించగానే ఇద్దరి చేతులూ ఒకేసారి లేచాయి. అక్క నవ్వింది, ఏడ్చింది, మళ్లీ నవ్వింది. గంట గడిచింది. భుజాలు లాగేస్తున్నా దించలేదు.

పక్కన నిలబడి ఆ సైగలన్నీ చూసిన బావ తర్వాత చెప్పాడు. రాజేశ్వరి తన పెళ్లికి అక్క రాలేదని ఇన్నాళ్లూ మనసు కష్టపెట్టుకుందట. ఆ వారమే అక్కకు గర్భం పోయింది. ఆ సంగతి మెసేజ్‌లో రాయడం ఆమెకు చేతకాలేదు. “ఇన్నేండ్లకు ఇయ్యాల చెప్పుకుంది,” అన్నాడు. నాకూ అప్పుడే తెలిసింది.

తిరుగు బస్సులో ఒళ్లు అలసినా నిద్ర పట్టలేదు. మా ఇంట్లో అక్కతో సైగలు తిండి, జ్వరం, డబ్బు దగ్గరే ఆగిపోయేవి. ఆమె అంత వేగంగా, అంతసేపు మాట్లాడటం నేను చూడటం ఇదే మొదలు. అందులో పదో వంతు కూడా నాకు అర్థం కాలేదు.

ఇలాంటి పని మీద వెళ్లేవారు ట్యాబ్‌తో పాటు ఒక స్టాండ్ తీసుకెళ్లండి. చేతులతో మాట్లాడేవారికి రెండు చేతులూ ఖాళీగా ఉండాలి.