నాలుగో మెట్టు

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో మనిషికి చేసే పని కన్నా చెప్పుకునే పని ఎక్కువ. నాకైతే మరీను. పాతబస్తీలోని ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాగా చేరిన ఏడాది వేసవిలో, వికారాబాద్ అవతల అడవి అంటుకుని, మూసీ వెంబడి పోయే కాలిబాట పాడైంది. కాలిన చెట్లు అడ్డంగా పడ్డాయి, వాలు మీది మట్టి జారిపోయింది. కొందరు ఆదివారం సెలవులు మానుకుని వెళ్లి దాన్ని బాగుచేశారు. నేనూ వెళ్లాను (ఒకే ఒక్క ఆదివారం, అదీ మధ్యాహ్నం దాకా). సోమవారం అరచేతుల్లో బొబ్బలు చూపిస్తూ ఆఫీసులో మొదలుపెట్టిన కథ, వానలు పడేసరికి దారంతా నేనే వేసినట్టు పెరిగింది. దాంతో మా పెద్ద మేడం, "అందరం పోదాం. తొవ్వ ఏసినోడు మనోడే ఉన్నడు, ఇంకేం ఫికర్" అని తేల్చేశారు.

పదిమందికి ముందు నేను నడిచాను. మాడిన మొదళ్ల చుట్టూ లేత చిగుళ్లు, పక్కన ఏటి చప్పుడు. దారి రెండుగా చీలిన చోట (అంతదూరం నేనెప్పుడూ వెళ్లలేదు) తడుముకోకుండా ఎడమకు తిరిగాను. కాసేపటికి చీలమండల దాకా బురద. నా ఎడమ బూటు అందులోనే ఉండిపోయింది. దాన్ని పీకుతుండగా, ఆ పనులన్నీ దగ్గరుండి చేయించిన అడవి కాపలా తాత వెనక నుంచి వచ్చాడు.

"గిటెందుకొచ్చిండ్రు? ఇది మేకల తొవ్వ."

"మా పోరడే తెచ్చిండు తాతా. తొవ్వంత ఈయనే ఏసిండట గద" అన్నారు మేడం.

తాత నన్ను ఎగాదిగా చూశాడు.

"అవు, ఏసిండు" అన్నాడు నెమ్మదిగా. "ఎనక మీరు దిగొచ్చిన రాతిమెట్లున్నయి సూడుండ్రి, అండ్ల నాలుగోది గీయనదే. గది కదుల్తది. జర సూసి కాలు పెట్టుండ్రి."

ఎవరూ పైకి నవ్వలేదు. అదే ఎక్కువ బాధించింది. "తాతా, గడ్డపార ఉందా?" అని అడిగాను. వెనక్కి మెట్ల దగ్గరికి వచ్చి అందరూ పులిహోర తింటుంటే, ఒంటి బూటుతో ఆ రాయిని పెకిలించి, తాత చెప్పినట్టు కింద చిన్నరాళ్లు కూరి, మళ్లీ పరిచాను. మేడం చేయి కడుక్కుని వచ్చి, రెండు కాళ్లూ దాని మీద పెట్టి, కావాలనే అటూ ఇటూ ఊగి చూశారు. రాయి కదల్లేదు. "ఇగ ఇది నీది" అని పై మెట్టు ఎక్కారు.

తర్వాత చాలా ఆదివారాలు అక్కడికి వెళ్లాను, చాలా రాళ్లు మోశాను, ఎవరికీ చెప్పలేదు. అయినా ఒక్క రాయి పెట్టి నది పొడవునా దారి నాదే అనుకున్న ఆ కుర్రవాడు గుర్తొస్తే కోపం రాదు. అంత తక్కువ పనితో అంత సంతోషపడటం నాకు మళ్లీ చేతకాలేదు.