దుక్మ్ క్యాంపులో ఫుట్‌బాల్ కోచ్

మస్కట్‌లోని ఒక ప్రైవేటు కాలేజీలో చాలా ఏళ్లు ఫుట్‌బాల్ కోచ్‌గా పనిచేశాను. ఎండ ముదిరితే నిలబడలేం కాబట్టి తెల్లవారుజామున ఫజర్ నమాజు కాగానే పిల్లలు మైదానానికి వచ్చేవాళ్లు. కిందటేడు మా జట్టు మొదటిసారి కాలేజీల పోటీలో ఫైనల్ దాకా వెళ్లి, పెనాల్టీల్లో ఓడిపోయింది. తిరుగు ప్రయాణంలో బస్సులో పిల్లలు జెర్సీలు ముఖాల మీద కప్పుకుని పడుకున్నారు. నాకు మాత్రం లోపల సంతోషంగానే ఉంది. వచ్చే ఏడు గెలుస్తామనిపించింది.

ఆ వారంలోనే డీన్ పిలిచి, నా ఉద్యోగం ఇకపై ఒమానీలకే ఇవ్వాలని నిర్ణయించినట్టు చెప్పాడు. నా చోటికి వస్తున్నది ఒకప్పటి మా కెప్టెన్. గోల్ ముందుకు రాగానే తొందరపడి బంతిని ఆకాశానికి కొట్టేవాడు. వాడికి నిదానం అలవాటు చేయడానికి నాకు రెండు సీజన్లు పట్టింది. నేను బయటికొచ్చేసరికి డీన్ గది తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు.

"నేను అడగలేదు కోచ్. వాళ్లే పిలిచారు," అన్నాడు.

"నువ్వు కాకపోతే ఇంకొకడు వస్తాడు. నీకైతే ఆట తెలుసు," అన్నాను.

మనస్ఫూర్తిగానే అన్నాను. అయినా వాడి ముఖంలోకి చూడలేకపోయాను.

తర్వాత ఏ కాలేజీకి వెళ్లినా ముందు నా వయసు అడిగేవారు. చివరికి మస్కట్‌కు చాలా దూరంగా, ఎడారి తీరంలో ఉన్న దుక్మ్‌లో ఒక నిర్మాణ కంపెనీ లేబర్ క్యాంపులో ఆటలూ టీవీ గదీ చూసుకునే పని దొరికింది.

"ఇన్నేళ్లు చేసి, క్యారమ్ బోర్డులకు కాపలానా అండీ?" సామాను సర్దుతూ, కళ్లు తుడుచుకుంటూ అడిగింది నా భార్య. ఆమె విజయవాడ వెళ్లింది. నేను దుక్మ్ బస్సెక్కాను.

క్యాంపు వెనక చదునైన నేల ఉంది. అడిగి గోల్‌పోస్టులు పెట్టించాను. సాయంత్రం డ్యూటీ బస్సులు దిగేవాళ్లను ఆటకు పిలిచాను. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన రాడ్‌బెండింగ్ పనివాడొకడు మర్యాదకు ఆగాడు.

"పొద్దంత సైట్ల నిలవడ్డ కాళ్లు సార్. ఇప్పుడు ఉరుకుమంటె ఎట్ల ఉరుకుతయ్?"

"పోనీ, శుక్రవారం సెలవే కదా?"

"శుక్రవారం బట్టలు పిండుకోవాలె, ఇంటికి ఫోన్ జెయ్యాలె. మిగిలితె పండుకోవాలె. ఏమనుకోకున్రి సార్."

అనుకోవడానికేముంది? అతని పాదాలు బూట్లలో ఉబ్బి ఉన్నాయి. నేనైనా అదే చెప్పేవాణ్ణి. అయినా వరసగా కొన్ని శుక్రవారాలు బంతి పట్టుకుని నిలబడ్డాను. ఇసుక గాలి తప్ప ఎవరూ రాలేదు.

ఒకరోజు స్టోర్ ఫోర్‌మన్ వచ్చి, ఆ నేల ఖాళీగానే ఉంది కదా, పైపులు దింపుకోవచ్చా అని అడిగాడు. దింపుకోమన్నాను. క్రేన్ వచ్చేసరికి నేను టీవీ గది తాళం తీస్తున్నాను.