దేవసహాయం కళ్ళు

రెజిమెంటల్ బజార్‌లో ఇత్తడి సామాన్ల కొట్టు పక్కన దేవసహాయానికి టీవీలు బాగుచేసే షాపు ఉండేది. బామ్మర్ది లూకాతో కలిసి నడిపేవాడు. తండ్రి పోయాక చదువు మానేసి తిరుగుతున్న లూకాను అతని అక్క డోరా తెచ్చి భర్తకు అప్పగించింది. వైరు అతికించడం దగ్గర్నుంచి ప్రతి పనీ దేవసహాయమే నేర్పాడు.

రెండు వేల సంవత్సరం దాటాక కలిగినవాళ్ళ ఇళ్ళల్లోకి బీరువాలంత ప్రొజెక్షన్ టీవీలు వచ్చాయి. ఆ పెట్టెలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులకు వేర్వేరు ట్యూబులుంటాయి. మూడింటి బొమ్మలూ లోపలి అద్దానికి తగిలి, తెర వెనుక నుంచి ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోవాలి. వెంట్రుకవాసి జరిగినా మనిషి ముక్కుకు ఎర్రటి అంచు, చొక్కాకు నీలి నీడ వస్తాయి.

వాటిని కుదర్చడం దేవసహాయానికి ఎంతో ఇష్టమైన పని. టీవీని కాసేపు వేడెక్కనిచ్చి, రిమోట్‌తో సర్వీస్ మెనూ తెరిచేవాడు. తెర నిండా గళ్ళు వచ్చేవి. ముందు ఆకుపచ్చ గళ్ళు మాత్రమే ఉంచి, మూలల్లో వంగిన గీతలను నిటారు చేసేవాడు. తరువాత ఎరుపు గీతలను తెచ్చి వాటిమీద పెట్టేవాడు, ఆపైన నీలం. మూడూ కలిసిన చోట గీత తెల్లగా మారేది. చర్చి పాటల బృందంలో అన్ని గొంతులూ కుదిరినప్పుడు కలిగే తృప్తే అప్పుడూ కలిగేది.

ఒకరోజు లూకా షాపులోకి వస్తూనే చెప్పాడు.

"బావా, మారేడ్‌పల్లి వాళ్ళు ఫోన్ చేసిన్రు. నువ్వు చేసినంక నీలం గీత పక్కకే ఉందంట. పోయి సరిచేసి వచ్చిన."

దేవసహాయం సిగ్గుపడ్డాడు. కానీ తరువాత కార్ఖానా ఏరియాలో ఒక ఇంట్లో అదే జరిగింది, తార్నాకలోనూ జరిగింది. ప్రతిసారీ లూకాయే వెళ్ళి సరిచేసి వచ్చేవాడు.

"వయసు మీద పడ్తుంది గద బావా. జెర కండ్లు చూపించుకో."

చూపించుకున్నాడు. చదువుకోవడానికి అద్దాలు చాలు, రంగులు చూడడంలో లోపమేమీ లేదన్నాడు డాక్టరు. ఆ చీటీ డోరాకూ చూపించాడు. లూకా మాత్రం పెదవి విరిచాడు.

"అక్షరాలు చదువుడు వేరు, గీతలు కలుపుడు వేరు బావా."

ఆ మాట దేవసహాయం మనసులో పాతుకుపోయింది. స్టేషన్ దగ్గర వంతెన మీద నిలబడి, కింద పట్టాలు రెండుగా కనిపిస్తున్నాయా నాలుగుగానా అని చూసుకునేవాడు. కళ్ళముందు గీత తెల్లగా కనిపిస్తున్నా నమ్మబుద్ధి అయ్యేది కాదు. ఒక గంటలో అయ్యే పనికి పూట పట్టేది. చివరికి, "నాతోని కాదు, నువ్వే పోరా" అని లూకాను పంపడం షురూ చేశాడు. చర్చి మెట్ల దగ్గర ఎవరో ఒకరు అతని మోచెయ్యి పట్టుకునేవారు. కీర్తన నెంబరు చెవిలో చెప్పేవారు. ఎందుకో అర్థమయ్యేది కాదు.

పద్మారావు నగర్‌లో ఉండే మేబెల్ టీచర్ మాత్రం లూకా వద్దన్నారు. "నువ్వే రావాలి దేవసహాయం. నీ పనే నాకు నచ్చుతుంది" అన్నారు. ఆ మధ్యాహ్నమంతా అతను ఆమె టీవీ ముందే కూర్చున్నాడు. దగ్గరనుంచి, దూరం నుంచి, ఒక కన్ను మూసి, ఇంకో కన్ను మూసి చూశాడు. నాలుగు మూలలూ తెల్లగానే ఉన్నాయి.

మర్నాడు పొద్దున, సామాన్ల సంచి అక్కడే మరిచిపోయానని గుర్తొచ్చి మళ్ళీ వెళ్ళాడు. వీధి తలుపు తీసే ఉంది. బావ పని ఒకసారి చూసి పోతానని వచ్చాడేమో, ముందుగదిలో తనకు వీపు పెట్టి లూకా కూర్చున్నాడు. తెరమీద నిన్నటి తెల్లటి గళ్ళు. లూకా రిమోట్ నొక్కాడు. మూలలోని గీత నుంచి ఎరుపు విడిపోయి పక్కకు జరిగింది. ఇంకొంచెం జరిపాడు. తరువాత వంటింటి వైపు తిరిగి పిలిచాడు.

"టీచర్ గారూ, జెర వచ్చి చూడుండ్రి. మా బావ ఎట్ల చేసి పోయిండో. పాపం, కండ్లు పోతున్నయ్ ఆయనకు."

టీ కప్పుతో బయటికొచ్చిన మేబెల్ టీచర్ గుమ్మంలో నిలబడ్డ దేవసహాయాన్ని చూసి ఆగిపోయారు. లూకా తల తిప్పాడు. అతని చేతిలోంచి రిమోట్ జారిపడింది.

ఇద్దరూ వీధిలోకి వచ్చారు. మారేడ్‌పల్లిలో, కార్ఖానాలో, తార్నాకలో ఏం జరిగిందో దేవసహాయానికి ఇప్పుడు అర్థమైంది.

"ఎందుకురా?"

"ఏ ఇంటికి పోయినా దేవసహాయం రాలేదా అంటరు. ఎన్నేండ్లయినా నీ ఎనుక సంచి మోసేటోడినే గద. ఒక్కరన్న లూకా కావాలె అనాలని..."

"గందుకని నా కండ్లు తీస్తవా? నన్ను అడిగితే నేనే నిన్ను ముందు నిలబెట్టేటోడిని గదరా!"



దేవసహాయం ఇంటికొచ్చి డోరాకు అంతా చెప్పాడు. తమ్ముడి మీద మండిపడుతుందనుకున్నాడు. ఆమె ముఖం పాలిపోయింది.

"మీ కండ్లు నిజంగనే పోతున్నయనుకున్న. వాడే చెప్పిండు. మీకు తెలిస్తే కుంగిపోతరు, చెప్పొద్దన్నడు. చర్చిల స్త్రీల సమాజంల మీకోసం ప్రార్థన సుత పెట్టించిన."

మోచెయ్యి పట్టుకున్న చేతులన్నీ దేవసహాయానికి ఒక్కసారిగా కళ్ళముందు కనిపించాయి. లూకా చేసినదానికంటే ఇది లోతుగా దిగింది.

"డాక్టర్ చీటీ నీకు చూపించిన గద డోరా. నన్ను ఒక్క మాట అడగకపోతివి."

షాపు విడిపోయింది. లూకా ఏదో షోరూమ్‌లో సర్వీసు పనికి కుదిరాడు. కళ్ళు పోతున్నాయని ఊరంతా పాకిన మాట మాత్రం దేవసహాయాన్ని వదల్లేదు. మేబెల్ టీచర్ తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేసి చెప్పినా కొద్దిమందే తిరిగి పిలిచారు. ఇంతలో గోడకు తగిలించే పలచటి టీవీలొచ్చి ఆ పనే లేకుండా పోయింది. అతను స్టెబిలైజర్లు, ఇన్వర్టర్లు బాగుచేసుకుంటూ ఉండిపోయాడు.

ఈస్టర్ ముందు పాస్టర్ గారు ఇద్దర్నీ పిలిపించారు. లూకా ఏడ్చాడు. దేవసహాయం అతని చెయ్యి పట్టుకుని క్షమించానన్నాడు. అబద్ధమేమీ కాదు. కానీ ఆ తరువాత పండక్కి లూకా ఇంటికి డోరా ఒక్కతే వెళ్ళేది.

ఒకసారి అన్నం వడ్డిస్తూ ఆమె అడిగింది. "నా మీద ఇంకా కోపమేనా?"

"కోపం లేదు. నీకు ఏదన్న చెప్పాలంటే మాత్రం, నమ్ముతవో లేదో అనిపిస్తది. గంతే."

డోరా అతను తినేదాకా ఎదురుగా కూర్చుంది.