కూర్మయ్య పంతులుగారి "అడుగు"

పక్కింటి అరుగు మీద ట్యూషను పిల్లలు సాయంత్రమయ్యేసరికి గొంతులు కలిపి ఎక్కాలు వల్లె వేస్తారు. మా బరంపురం లంజిపల్లి వీధుల్లో స్కూటర్లు ఎంత మోగినా ఆ ఒక్కటైపోయిన గొంతే నాకు వినిపిస్తుంది. అరికాళ్ళ కింద ఇసుక జారుతుంది. నోట్లో ఉప్పునీళ్ళ రుచి. వెంటనే మనవల్ని పిలిచి చెబుతాను: "పసితనంలోనే గురువుని ఎదిరించినవాణ్ణిరా నేను! సముద్రంలో నిలబడి, మొహం మీదే 'ఎందుకు?' అని అడిగేశాను." వాళ్ళు నోళ్ళు తెరుచుకుని వింటారు. మీకు మాత్రం కాస్త తగ్గించి చెబుతాను.

ఒరిస్సా కొత్తగా వేరు రాష్ట్రమైన రోజులవి. బరంపురంలో తెలుగు వర్తకులు, పిల్లలకి భాష పోతుందేమోనని చందాలేసుకుని నడిపే చిన్న బడికి కూర్మయ్య పంతులుగారు వచ్చారు. బక్కమనిషి. చేతులకెప్పుడూ ముక్కుపొడి వాసన. పెద్దలు చేశారు కాబట్టి చేసెయ్యడం, చెప్పారు కాబట్టి తలూపెయ్యడం ఆయనకి గిట్టేది కాదు. ఆ కోపమంతా పద్యాల్లో పెట్టేవారు. బడి పద్ధతిని మాత్రం ముట్టుకోలేదు. ఆయన ఏమంటే మేమూ అదే అనాలి. "చాలు" అనేదాకా ఆపకూడదు. పద్యం మధ్యలో ఆయన దగ్గితే మేమూ దగ్గేవాళ్ళం. ఇది కోత కాదు, నిజంగానే దగ్గేవాళ్ళం.

ఒక ఉదయం మమ్మల్ని సోనేపూర్ సముద్రపు ఒడ్డుకి తీసుకెళ్ళారు. కెరటాల హోరులో చదివితే గొంతు తెరుచుకుంటుందట. ముందువాడి భుజాల మీద చేతులు వేయించి, పొట్టివాడు ముందుండేలా వరస కట్టించారు. అందరికంటే పొట్టి దాసు. వాడి వెనక నేను. గణానికో అడుగు చొప్పున ఒడ్డు వెంబడి నడుస్తూ ఆయన కట్టిన ద్విపద చెప్పాలి.

"అడుగు వేసెడి ముందె యడుగుమీ బిడ్డ
నడచువారల వెంట నడువకేనాడు"

కాలు కదిపే ముందు ప్రశ్న అడగమని ఆయన భావం. మాకు తెలిసిన అడుగు ఒక్కటే, కాళ్ళతో వేసేది. అడుగు అన్నప్పుడల్లా ఇంకొంచెం గట్టిగా వేశాం. ఆయన పద్యం ఊపులో చెయ్యి విసిరారు. ఆ చెయ్యి సముద్రం వైపు పోయింది. దాసు అటు తిరిగాడు. వాడి వెనక అందరం తిరిగాం.

నీళ్ళు మోకాళ్ళకొచ్చాయి. నడుముకొచ్చాయి. పద్యం ఆగలేదు. నాకు భయమైనా వేయలేదు. నా నోరు నాది కాదన్నట్టు, అది పలుకుతుంటే కాళ్ళు వాటంతటవే పోతున్నట్టు ఉంది.

వెనక నుంచి పంతులుగారి కేక: "ఆగండ్రా!"

"ఆగండ్రా!" అన్నాం అందరం, అడుగు వేస్తూ.

"ఒరే, వెనక్కి రండ్రా!"

"ఒరే, వెనక్కి రండ్రా!"

కంగారులో ఆయనకి "చాలు" అన్న మాటే గుర్తు రాలేదు. పంచె నీళ్ళలో తేలుతుండగా పరిగెత్తుకొచ్చి, దొరికిన నోరు దొరికినట్టు అరచేత్తో మూశారు. నోరు మూతపడ్డవాడి కాళ్ళు ఆగిపోయేవి. నా మూతి మీద ముక్కుపొడి వాసన పడేసరికి, ముందు దాసు తల లేదు. నీళ్ళ మీద బుడగలు మాత్రం పద్యం నడకలోనే పైకి వస్తున్నాయి.

ఇప్పుడు ఒప్పుకుంటాను. "ఎందుకు" అని నేను అడగలేదు. ఎవడూ అడగలేదు. కానీ దాసు జుట్టు పట్టుకుని పైకి లాగింది నేనే. అంతవరకూ నిజం.

వాడు నీళ్ళు కక్కి ఊపిరి తీశాక, పంతులుగారు, "ఒక్కడన్నా ఎందుకని అడగలేదేట్రా?" అన్నారు.

"ఒక్కడన్నా ఎందుకని అడగలేదేట్రా?" అన్నాం, తడిబట్టలతో వరసగా నిలబడి.

ఆయన ఇసకలో కూలబడిపోయారు.

ఆ తరవాత ఆయన వల్లె వేయించలేదు. ప్రతి పద్యంలోనూ కావాలనే ఒక తప్పు పెట్టి, ఎవడో ఒకడు పట్టుకుని అడిగేదాకా ఇంటికి వదిలేవారు కాదు. నాకు పద్యం అబ్బింది అలాగే. ఈనాటికీ నేను రాసిన ఏ పాదాన్నీ నమ్మను, ముందు దాన్ని నిలదీస్తాను. బడి పెద్దలకి అది నచ్చలేదు. "పిల్లలు ఇంటికొచ్చి తాతల్నే నిలదీస్తన్నారు పంతులూ, మునుపట్లాగ సెప్పండి" అన్నారు. "మునుపట్లాగ చెబితే ములిగిపోతారండి" అని ఆయన కండువా దులుపుకుని వెళ్ళిపోయారు. మళ్ళీ కనపడలేదు.

ఇదంతా రాసి నిన్న గేట్ బజార్‌లో దాసు బట్టలకొట్టుకెళ్ళి చదివి వినిపించాను. వాడు చీరలు మడత పెడుతూ విన్నాడు. జుట్టు పట్టుకుని పైకి లాగానన్న వాక్యం దగ్గర వాడి చెయ్యి ఆగింది.

"జుట్టేటి, నువ్వు లాగడమేటి? పంతులు లాగినాడు. పీకలదాకా నీళ్ళొచ్చీసరికి నేనాగిపోనాన్రా. బుజాలట్టుకుని 'అడుగు, అడుగు' అని ముందుకి తోసినోడివి నువ్వు."